చిన్న సంస్థకు నిర్మాణం గీయడం, ఉద్యోగాలను మలచడం: ఒక ఆచరణ మార్గదర్శి

ఆరుగురితో నడిచే సంస్థలో ఎవరు ఏ పని చేయాలో రాసి పెట్టుకోవలసిన అవసరం ఉండదు. అందరూ ఒకే గదిలో ఉంటారు, ఒకరి మాట మరొకరి చెవిన పడుతూనే ఉంటుంది, ఒకరు రాని రోజున పక్కవారు ఆ పని అందుకుంటారు. అదే సంస్థ ముప్పై మందికి పెరిగాక పాత పద్ధతిలోనే నడిస్తే, ఒక పనిని ఇద్దరు చేయడం, మరొక పని ఎవరి చేతికీ రాకుండా మిగిలిపోవడం, చేతి తొడుగుల పెట్టె కొనాలన్నా యజమానికి ఫోను చేయడం మొదలవుతాయి. ఈ దశలో చాలామంది యజమానులు హోదాలు పంచుతారు. పాతవారిలో ముగ్గురిని మేనేజర్లు చేసి, ఒక కాగితం మీద గడులు గీసి, గోడకు అంటిస్తారు. నెల తిరిగేసరికి ఫోన్లు మళ్లీ యజమానికే వస్తుంటాయి.

ఇలా జరగడానికి కారణం ఉంది. పాఠ్యపుస్తకాల్లో సంస్థాగత నిర్మాణం ఒక అధ్యాయంగా, ఉద్యోగ రూపకల్పన మరొక అధ్యాయంగా ఉంటాయి కాబట్టి, ముందు చార్టు గీసి తరువాత ఎప్పుడో ఉద్యోగాల సంగతి చూడవచ్చని అనుకుంటాం. ఆచరణలో ఈ రెండూ ఒకే పని. చార్టులో ఒక గడి గీస్తున్నామంటే, ఆ గడిలో కూర్చునే మనిషి ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో, దేన్ని ఎవరినీ అడగకుండా నిర్ణయిస్తారో, తన పని బాగా జరిగిందో లేదో ఎలా తెలుసుకుంటారో కూడా అప్పుడే తేల్చాలి. అది తేల్చని గడి ఖాళీ గడే. ఈ వ్యాసంలో ఆ రెండు పనులనూ కలిపి, వరుసగా ఎలా చేయాలో వివరిస్తాను. ఉదాహరణగా జిల్లా కేంద్రం వంటి పట్టణంలో ముప్పై మంది సిబ్బందితో నడుస్తున్న ఒక డయాగ్నస్టిక్ సెంటరును ఊహించుకుందాం. కిరాణా పంపిణీ సంస్థకైనా, ప్రైవేటు పాఠశాలకైనా, ముద్రణాలయానికైనా క్రమం ఇదే.

పనిని వెంబడించడంతో మొదలుపెట్టండి

కాగితం మీద ఒక్క పేరు కూడా రాయకముందే ఒక రక్తనమూనాను వెంబడించండి. వైద్యుని చీటీ పట్టుకొని వచ్చిన వ్యక్తి కౌంటరు ముందు నిలబడిన క్షణం నుంచి నివేదిక ఆ వ్యక్తికి చేరే వరకు జరిగే ప్రతి పనినీ క్రియాపదంతో రాయండి: పేరు, వయసు నమోదు చేయడం, డబ్బు తీసుకొని రసీదు ఇవ్వడం, పరగడుపున వచ్చారా అని అడగడం, ఆ పరీక్షకు తగిన రంగు మూత ఉన్న గొట్టాన్ని ఎంచుకోవడం, రక్తం తీయడం, బార్‌కోడ్ అంటించడం, రక్తంలోని భాగాలను విడదీసే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, యంత్రానికి ఎక్కించడం, వచ్చిన ఫలితాన్ని అదే వ్యక్తి పాత ఫలితంతో పోల్చడం, పాథాలజిస్టు (పరీక్షా ఫలితాలను నిర్ధారించే వైద్యులు) చూసి సంతకం చేయడం, నివేదిక పంపడం. ‘రిసెప్షన్’, ‘ల్యాబ్’ వంటి నామవాచకాలు రాస్తే పని కనిపించదు, గది మాత్రమే కనిపిస్తుంది. క్రియలు రాస్తేనే ఎంత పని ఉందో, ఎన్ని రకాల పని ఉందో తెలుస్తుంది.

ప్రతి క్రియ పక్కన నాలుగు సంగతులు రాసుకోండి: ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, రోజుకు ఎన్నిసార్లు జరుగుతుంది, ఆ పని పూర్తయ్యాక నమూనా ఎంతసేపు ఆగుతుంది, అక్కడ తప్పు జరిగితే ఎవరు పట్టుకుంటారు. దీనికి రెండు వారాలు పడుతుంది. సోమవారం రద్దీ వేరు, ఆదివారం రద్దీ వేరు కాబట్టి ఒక్కరోజు చూసి ముగించకూడదు. సిబ్బందిని పక్కన కూర్చోబెట్టుకొని రాయండి. పని చేసేవారికి తెలిసినన్ని అడ్డదారులు, అడ్డంకులు యజమానికి ఎన్నటికీ తెలియవు.

ఈ జాబితా పూర్తయ్యాక అనాథ పనులు బయటపడతాయి. ప్రతి ఉదయం రోగుల నమూనాలకు ముందు యంత్రానికి నాణ్యతా పరీక్ష చేయవలసినవారు ఎవరు? రీఏజెంటు, అంటే పరీక్షకు వాడే రసాయనం, ఎన్ని రోజులకు సరిపోతుందో లెక్క చూసేవారు ఎవరు? పొటాషియం ప్రమాదకర స్థాయిలో వచ్చినప్పుడు ఆ వైద్యునికి వెంటనే ఫోను చేయవలసింది ఎవరు? చివరి ప్రశ్నను ముగ్గురిని విడివిడిగా అడిగి చూడండి. మూడు వేర్వేరు సమాధానాలు వస్తే, ఆ సంస్థకు చార్టు ఉన్నా నిర్మాణం లేదని అర్థం చేసుకోవాలి.

పనులను గుంపులుగా కట్టడం

శ్రమ విభజన గురించి చెప్పే ప్రతివారూ ఆడమ్ స్మిత్ 1776లో రాసిన గుండుసూదుల కార్ఖానాను ప్రస్తావిస్తారు. సూది తయారీని సుమారు 18 అంచెలుగా విడదీసి పదిమంది పంచుకుంటే రోజుకు 48,000 సూదులు వస్తాయని, ఎవరికి వారు విడిగా చేస్తే మనిషికి ఇరవై కూడా రావని ఆయన చూపించారు. విడదీయడం వల్ల కలిగే లాభం నిజమే. అయితే విడదీసిన ప్రతిచోటా ఒక చేతి నుంచి మరొక చేతికి పని మారుతుంది, అలా మారే చోటే నమూనాలు ఆగిపోతాయి, పేర్లు తారుమారవుతాయి, ‘నాకు అందలేదు’, ‘నేను ఇచ్చాను’ అనే వాదనలు పుడతాయి. అందువల్ల ఎంత విడదీయాలి అనేదానితో పాటు, విడదీసినవాటిలో వేటిని మళ్లీ ఒకే గూటికి చేర్చాలి అనేదీ తేల్చుకోవాలి.

గుంపు కట్టడానికి వాడుకలో ఉన్న ఆధారాలు నాలుగు. చేసే పని రకాన్ని బట్టి, ఇచ్చే సేవ లేదా వస్తువును బట్టి, ప్రదేశాన్ని బట్టి, వినియోగదారుని బట్టి. ఒకే భవనంలో ఉన్న సెంటరుకు మొదటిది సరిపోతుంది: నమూనా సేకరణ, పరీక్షలు, నివేదికలు, డబ్బు లెక్కలు. పక్క మండలాల్లో రెండు సేకరణ కేంద్రాలు తెరిచిన రోజున ప్రదేశం కూడా ఆధారంగా చేరుతుంది. అప్పుడు సేకరణను ప్రదేశాల వారీగా పంచి, పరీక్షలను మాత్రం ఒకేచోట ఉంచడం మేలు, ఎందుకంటే మైక్రోబయాలజీ (సూక్ష్మజీవుల పరీక్షలు) తెలిసిన మనిషిని ప్రతి కేంద్రంలోనూ పెట్టుకోవడం ఏ చిన్న సంస్థకూ సాధ్యం కాదు. సందేహం వచ్చినప్పుడు ఒక సాదా కొలత వాడండి: రోజులో ఎక్కువసార్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసి వచ్చే పనులు ఒకే గుంపులో, ఒకే బాధ్యుని కింద ఉండాలి.

ఈ విషయంలో మన దగ్గరే ఉన్న మంచి నమూనా హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ. 1987లో మొదలైన ఆ సంస్థ కంటి వైద్యాన్ని పిరమిడ్ ఆకారంలో అమర్చుకుంది. అట్టడుగున సుమారు 5,000 జనాభాకు విజన్ గార్డియన్లు (ఊరివారి కంటి సమస్యలను కనిపెట్టి చూసే స్థానికులు), ఆపైన 50,000 జనాభాకు ఒక విజన్ సెంటరు, ఐదు నుంచి పది లక్షల మందికి ఒక ద్వితీయ స్థాయి కేంద్రం, 50 లక్షల మందికి ఒక తృతీయ స్థాయి ఆసుపత్రి, శిఖరాన ఐదు కోట్ల మందికి ఒక ఉత్కృష్టతా కేంద్రం. ఏ పని ఏ స్థాయిలో ఉండాలనేది రెండు సంగతులను బట్టి తేలింది: ఆ అవసరం ఎంతమందికి వస్తుంది, ఆ నైపుణ్యం ఎంత అరుదు. కళ్లద్దాల అవసరం ఊరూరా ఉంటుంది కాబట్టి దాన్ని ఊరికి దగ్గరగా ఉంచారు. శుక్లాల శస్త్రచికిత్సను ద్వితీయ స్థాయిలో, అంతకన్నా క్లిష్టమైనవాటిని పై స్థాయిల్లో ఉంచారు.

ఇక్కడ నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ విజన్ సెంటరులో పనిచేసే మనిషి. అక్కడ కంటి వైద్యుని నియమించాలనుకుంటే ఆ అంచె ఎప్పటికీ నిలబడేది కాదు. ఇంటర్మీడియట్ చదివిన స్థానిక యువతకు ఏడాది శిక్షణ ఇచ్చి, కంటి పరీక్ష చేయగల, అద్దాలు రాయగల, పైకి పంపవలసిన వ్యాధిని గుర్తించగల విజన్ టెక్నీషియన్ అనే ఉద్యోగాన్ని మలిచారు. పిరమిడ్‌లోని ఆ అంచె, ఆ ఉద్యోగం కలిసే పుట్టాయి. మీ చార్టులో కొత్త అంచె చేర్చేటప్పుడు మీరూ ఇదే ప్రశ్న వేసుకోవాలి: ఈ అంచెలో పనిచేయగలవారు మన పట్టణంలో, మనం ఇవ్వగల జీతానికి దొరుకుతారా, దొరకకపోతే ఎంత శిక్షణతో అలాంటివారిని తయారు చేయగలం?

ఎవరు ఎవరికి జవాబుదారీ

1855లో అమెరికాలోని న్యూయార్క్ అండ్ ఈరీ రైల్‌రోడ్‌లో పర్యవేక్షకునిగా ఉన్న డేనియల్ మెకల్లమ్ ఆధ్వర్యంలో గీసిన పటాన్ని తొలి సంస్థాగత చార్టుల్లో ఒకటిగా చెబుతారు. అందులో డైరెక్టర్ల బోర్డు పైన లేదు. పటం చెట్టులా ఉంటుంది, బోర్డు వేళ్ల దగ్గర, రైలు మార్గాల విభాగాలు కొమ్మలుగా పైకి విస్తరించి ఉంటాయి. వందల మైళ్ల పొడవున రైళ్లు నడుస్తుంటే ఏ సమాచారం ఎవరికి చేరాలో తేలక ఇబ్బంది పడిన సంస్థ అది. చార్టు గీసేది పెద్దరికం చూపడానికి కాదు, సమాచారం దారి తప్పకుండా చూడడానికి అని ఆ పటం ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

ఫ్రాన్సులో గనుల ఇంజినీరుగా పనిచేసిన హెన్రీ ఫేయోల్ 1916లో ప్రకటించిన 14 సూత్రాల్లో, చిన్న సంస్థకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడేది ఆదేశ ఏకత్వం, అంటే ఒక మనిషికి ఆదేశాలిచ్చేవారు ఒక్కరే ఉండాలన్న సూత్రం. మన కుటుంబ సంస్థల్లో ఇది తరచుగా దెబ్బతినే చోటు అందరికీ తెలిసినదే: అన్నయ్య ఒకటి చెబుతారు, తమ్ముడు మరొకటి చెబుతారు, మధ్యాహ్నం భోజనం తెచ్చిన పెద్దాయన మూడోది చెప్పి వెళతారు. ముగ్గురి మాటా కాదనలేని ఉద్యోగి, ఎవరు చివరగా చెబితే వారి పని చేస్తారు. కుటుంబ సభ్యులు ఎంతమంది సంస్థలో ఉన్నా, ఏ గుంపుకు ఎవరు బాధ్యులో పంచుకొని, ఇతర గుంపు వారికి ఏదైనా చెప్పాలంటే ఆ గుంపు బాధ్యుని ద్వారానే చెప్పాలన్న కట్టుబాటు పెట్టుకోవాలి. నిర్మాణం గీసే పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే, దీన్ని వాయిదా వేస్తే మిగతా శ్రమ అంతా వృథా.

కొన్నిచోట్ల ఇద్దరు పైఅధికారులు తప్పనిసరి అవుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయాలను చూడండి. సుమారు రెండు వేల జనాభాకు ఒకటి చొప్పున ఏర్పాటు చేసిన ఆ కార్యాలయాల్లో వ్యవసాయ సహాయకులు, ఇంజినీరింగ్ సహాయకులు, సర్వేయరు, ఏఎన్ఎం, డిజిటల్ సహాయకులు వంటి వేర్వేరు శాఖల వారు ఒకే కప్పు కింద పనిచేస్తారు. ఊరివారికి సేవ ఒకేచోట అందాలంటే వారు సచివాలయానికి చెందాలి. పంటకు ఏ తెగులు వచ్చింది, ఏ మందు చెప్పాలి అన్న సాంకేతిక విషయంలో తమ శాఖ మాట వినాలి. ఇలాంటి రెండు గీతల నిర్మాణాన్ని మాతృకా నిర్మాణం అంటారు. మీ సెంటరులో కూడా పక్క మండలంలోని సేకరణ కేంద్రపు టెక్నీషియన్‌కు ఇదే పరిస్థితి వస్తుంది. అప్పుడు చార్టులో ఒక గీతను నిండుగా, మరొకదాన్ని చుక్కలతో గీసి వదిలేస్తే చాలదు. సెలవు, హాజరు, రోజువారీ పని కేటాయింపు కేంద్రం బాధ్యుని చేతిలో ఉంటాయని, నమూనా తీసే పద్ధతి, నిల్వ ఉష్ణోగ్రత, పనికిరాని నమూనాను తిరస్కరించడం ల్యాబ్ అధిపతి మాట ప్రకారమే జరగాలని వాక్యాల్లో రాసి ఇద్దరి చేతా చదివించాలి.

ఒక బాధ్యుని కింద ఎంతమంది ఉండవచ్చు? దీన్నే పర్యవేక్షణ పరిధి అంటారు. నిర్వహణ సలహాదారు వి.ఎ. గ్రైకునాస్ 1933లో ఒక లెక్క చూపించారు: ఒక అధికారి కింద నలుగురుంటే వారందరి మధ్య ఏర్పడగల సంబంధాలు 44, ఐదుగురైతే 100, ఆరుగురైతే 222. మనుషులు కొద్దిగా పెరిగినా సంబంధాల చిక్కు ఎంత వేగంగా పెరుగుతుందో ఈ లెక్క చెబుతుంది. అయినా ఆరుగురికి మించరాదన్న నియమంగా దీన్ని పట్టుకోకూడదు. ఇంటింటికీ వెళ్లి నమూనాలు తెచ్చే పదిమంది ఒకే రకమైన పనిని, ఒకే పద్ధతిలో, ఒకరితో ఒకరికి పెద్దగా సంబంధం లేకుండా చేస్తారు కాబట్టి వారందరికీ ఒక్కరే బాధ్యులుగా ఉండవచ్చు. బయోకెమిస్ట్రీ (రక్తంలోని రసాయనాలు), హెమటాలజీ (రక్తకణాలు), మైక్రోబయాలజీ చూసేవారి పనులు వేరు వేరు, రోజూ సందేహాలు వస్తాయి. అక్కడ నలుగురైదుగురే ఎక్కువ.

అంచెల సంఖ్య విషయంలో మహిళా స్వయం సహాయక సంఘాల నిర్మాణం నుంచి నేర్చుకోవచ్చు. పది నుంచి పదిహేను మంది సభ్యులతో సంఘం, వాటి మీద గ్రామ సంఘం, ఆపైన మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య. పొదుపు, సభ్యుల మధ్య అప్పులు సంఘంలోనే తేలుతాయి. ఊరిలోని సంఘాలన్నిటికీ చెందిన విషయమే గ్రామ సంఘానికి వెళుతుంది. మండలమంతటికీ చెందినది ఆపై అంచెకు. మీ సంస్థలోని ప్రతి అంచెకూ ఇదే పరీక్ష పెట్టండి. కింది అంచె చేయలేని పని ఒక్కటైనా పై అంచె చేస్తున్నదా? కిందివారి సంతకం కింద మరో సంతకం పెట్టడమే దాని పని అయితే, ఆ అంచె అక్కర్లేదు. ముప్పై మందికి మూడు అంచెలు చాలు.

నిర్ణయాల పట్టిక

నా అనుభవంలో చార్టు కన్నా ఎక్కువ మేలు చేసిన కాగితం ఇది. ఎడమవైపు సంస్థలో తరచుగా తీసుకోవలసి వచ్చే నిర్ణయాలన్నీ రాయండి. ఒక్కోదాని ఎదురుగా నిర్ణయించేది ఎవరు, నిర్ణయానికి ముందు ఎవరిని అడగాలి, తరువాత ఎవరికి తెలియజేయాలి అన్న మూడు గడులు పెట్టండి. నిర్ణయించేవారి గడిలో ఒక్క పేరే ఉండాలి. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరూ నిర్ణయించరు, లేదా ఇద్దరూ నిర్ణయిస్తారు.

ఉదాహరణకు గడ్డకట్టిన నమూనాను తిరస్కరించి మళ్లీ రక్తం ఇవ్వమని అడగడం: నిర్ణయించేది నమూనా స్వీకరించే టెక్నీషియన్, ముందు ఎవరినీ అడగనక్కర్లేదు, తెలియజేయవలసింది కౌంటరుకు. రీఏజెంటు ఆర్డరు: నెలవారీ పరిమితి లోపల స్టోరు బాధ్యులు, పరిమితి దాటితే ల్యాబ్ అధిపతి. రోగి బిల్లులో రాయితీ: వంద రూపాయల వరకు కౌంటరులో ఉన్నవారు, వెయ్యి వరకు మేనేజరు, ఆపైన యజమాని. యంత్రం నాణ్యతా పరీక్షలో తప్పినప్పుడు ఆ రోజు పరీక్షలు ఆపడం: ఆ విభాగపు సీనియర్ టెక్నీషియన్, అడగకుండానే. ఈ చివరిదాన్ని యజమానులు ఒప్పుకోవడానికి వెనకాడతారు, ఆపితే ఆ ఉదయపు ఆదాయం పోతుంది కాబట్టి. కాని తప్పుడు ఫలితం బయటికి వెళ్లకుండా ఆపగలిగేది ఆ క్షణాన యంత్రం ముందున్న మనిషి ఒక్కరే. వారికి ఆ అధికారం లేకపోతే నాణ్యతా పరీక్ష చేయడంలో అర్థం లేదు.

అధికారాన్ని అప్పగించడం అంటే బాధ్యతను వదిలించుకోవడం కాదన్న మాట పుస్తకాల్లో ఉంటుంది. దాన్ని ఆచరణలో పెట్టే విధానం ఏమిటంటే, నిర్ణయం కిందివారికి ఇచ్చినప్పుడు, ఆ నిర్ణయాల ఫలితాన్ని చూసే సమయం కూడా నిర్ణయించుకోవడం. రాయితీల జాబితాను వారానికి ఒకసారి చూడండి. మధ్యలో జోక్యం చేసుకొని ఒక రాయితీని రద్దు చేశారంటే, ఆ పట్టికలోని మీ సంతకానికి విలువ పోయినట్టే; తరువాతి నుంచి ప్రతి రాయితీకీ మీ ఫోను మోగుతుంది. నేను చూసిన ఒక సంస్థలో పట్టిక చక్కగా రాశారు, సరిగ్గా ఈ కారణం వల్ల రెండు నెలలకే అది మూలన పడింది.

గడిలోపలి పని: ఉద్యోగాన్ని మలచడం

ఇప్పుడు ఒక్కో గడిలోకి వెళదాం. ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో అమెరికా ఇంజినీరు ఫ్రెడరిక్ టేలర్ చూపిన మార్గం, పనిని అతి చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు ఒకే ఉత్తమ పద్ధతిని కనిపెట్టి, ఆలోచనను అధికారికి, చేతి పనిని కార్మికునికి ఇవ్వడం. శిక్షణ త్వరగా ముగుస్తుంది, వేగం పెరుగుతుంది. దాని మూల్యం విసుగు, అజాగ్రత్త, గైరుహాజరు. ఆ మూల్యాన్ని తగ్గించడానికి మూడు ఉపాయాలు వాడుకలోకి వచ్చాయి. ఒకరితో ఒకరు స్థానాలు మార్చుకుంటూ పనిచేయడం పని మార్పిడి. అదే స్థాయికి చెందిన మరికొన్ని పనులను చేర్చడం పని విస్తరణ. పనిలోని ప్రణాళిక, తనిఖీ, నిర్ణయం కూడా ఆ మనిషికే ఇవ్వడం పని సుసంపన్నం. మొదటి రెండింటినీ చేసి మూడోది చేశామని భ్రమపడేవారు చాలామంది. బార్‌కోడ్ అంటించేవారికి కవర్లు మడిచే పని కూడా ఇస్తే అది భారం పెంచడం మాత్రమే.

మన దేశంలోనే జరిగిన ఒక ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1953లో మనుషులు కలిసి పనిచేసే తీరును అధ్యయనం చేసే, లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ అహ్మదాబాదులోని కాలికో మిల్లులో, ఆటోమేటిక్ మగ్గాల షెడ్డులో పనిచేశారు. కొత్త యంత్రాలు వచ్చినా ఉత్పత్తి, నాణ్యత ఆశించినట్టు పెరగలేదు. అక్కడ నేత పనిని పన్నెండు రకాల ఉద్యోగాలుగా విడదీశారు. తెగిన దారం ముడివేసేవారు ఒకరు, కండెలు నింపేవారు ఒకరు, మరమ్మతు చూసేవారు మరొకరు, ఒక్కొక్కరికీ వేర్వేరు సంఖ్యలో మగ్గాలు. ఎవరూ ఏ మగ్గానికీ పూర్తిగా బాధ్యులు కారు. కార్మికులతో కలిసి చర్చించాక, కొన్ని మగ్గాలను ఒక చిన్న బృందానికి మొత్తంగా అప్పగించే పద్ధతి వచ్చింది. ఎవరు ఏం చేయాలో ఆ బృందమే లోపల సర్దుకునేది. మొదట్లో ఒడుదొడుకులు వచ్చినా, తరువాత ఉత్పత్తి పెరిగింది, పాడైన గుడ్డ తగ్గింది. మగ్గాలు మారలేదు, మనుషులు మారలేదు, పనిని కట్టిన తీరు మారింది.

ఒక ఉద్యోగం ఎలా ఉందో కొలవడానికి 1970లలో మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ రూపొందించిన నమూనా చాలా ఉపయోగపడుతుంది. వారు ఐదు లక్షణాలు చూడమన్నారు: పనిలో ఎన్ని రకాల నైపుణ్యాలు కావాలి, మొదటి నుంచి చివరి దాకా ఒక పూర్తి పనిని చేస్తున్నారా, ఆ పని ఇతరుల జీవితాలకు ఎంత ముఖ్యం, ఎలా చేయాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ ఎంత, ఎలా చేశామో తెలిసే వీలు ఎంత. ఒక్కోదానికి ఒకటి నుంచి ఏడు వరకు మార్కులు వేసి, మొదటి మూడింటి సగటును నాలుగోదానితో, ఆ వచ్చినదాన్ని ఐదోదానితో గుణించాలి. అత్యధికం 343. గుణకారం ఎందుకంటే, స్వేచ్ఛ గాని, ఫలితం తెలియడం గాని అట్టడుగున ఉంటే మిగతావి ఎంత బాగున్నా మొత్తం పడిపోతుంది.

మన సెంటరులో రోజంతా గొట్టాలకు బార్‌కోడ్ అంటించి లోపలికి పంపే ఉద్యోగాన్ని తీసుకోండి. నైపుణ్యాలు 2, పూర్తి పని 1, ప్రాముఖ్యం 6, సగటు 3. స్వేచ్ఛ 2, ఫలితం తెలియడం 1. మొత్తం 6. పని ముఖ్యమైనదే, పేరు తారుమారైతే ఒకరి వ్యాధి మరొకరి పేరున వెళుతుంది. అయినా ఆ మనిషికి తాను అంటించిన గొట్టం ఏమైందో ఎన్నడూ తెలియదు. ఇప్పుడు దాన్ని మార్చి ‘నమూనా స్వీకరణ బాధ్యులు’గా మలచండి. గొట్టం అందుకోవడం, చీటీతో సరిపోల్చడం, పరిమాణం, స్థితి చూసి తీసుకోవడమో తిరస్కరించడమో తేల్చడం, తిరస్కరిస్తే రోగికి తానే ఫోను చేసి మర్యాదగా మళ్లీ పిలవడం, వారం చివర ఎన్ని నమూనాలు ఏ కారణంతో తిరస్కరించారో లెక్క రాసి సేకరణ బృందానికి చెప్పడం. నైపుణ్యాలు 4, పూర్తి పని 5, ప్రాముఖ్యం 6, సగటు 5. స్వేచ్ఛ 4, ఫలితం 5. మొత్తం 100. అదనంగా మనిషిని తీసుకోలేదు. జీతం మాత్రం పెంచాలి. పెద్ద బాధ్యతను పాత జీతానికే చేయించుకోవడాన్ని సిబ్బంది సుసంపన్నం అనుకోరు, అనుకోకపోవడం న్యాయమే.

అందరూ ఇలాంటి మార్పు కోరుకోరని కూడా గుర్తుంచుకోవాలి. ఇంట్లో చంటిబిడ్డ ఉన్నవారో, పరీక్షలకు చదువుకుంటున్నవారో కొంతకాలం స్థిరమైన, తక్కువ బాధ్యత ఉన్న పనినే ఇష్టపడవచ్చు. అడిగి చేయండి. అలాగే కలపకూడని పనులు కొన్ని ఉన్నాయి: డబ్బు తీసుకొనే మనిషే సాయంత్రం లెక్క సరిచూడకూడదు, సరుకు ఆర్డరు పెట్టే మనిషే వచ్చిన సరుకును తీసుకున్నట్టు సంతకం చేయకూడదు. ఇది మనుషుల మీద అనుమానం వల్ల పెట్టే నియమం కాదు, నిజాయితీగా పనిచేసేవారిని అనుమానం నుంచి కాపాడే నియమం.

ఉద్యోగం మలిచేటప్పుడు గడియారాన్ని మరచిపోకండి. పరగడుపు పరీక్షల వల్ల రోగులు ఉదయం ఆరు నుంచి పది మధ్య గుంపుగా వస్తారు, మధ్యాహ్నం కౌంటరు ఖాళీగా ఉంటుంది. ‘రక్తం తీసేవారు’ అని రోజంతటి ఉద్యోగం పెడితే ఉదయం చేతులు సరిపోవు, మధ్యాహ్నం పని ఉండదు. ఉదయం రక్తం తీసి, పదకొండు తరువాత ఇంటి నుంచి నమూనాలు తీసుకోవలసినవారితో మాట్లాడి మరునాటి వరుసను సిద్ధం చేసే ఉద్యోగమైతే రోజు నిండుతుంది, పైగా మరునాడు ఎవరి ఇంటికి వెళుతున్నారో వారికి ముందే తెలుస్తుంది.

ఒక పేజీ పత్రం, ఆపై అమలు

ఇంత తేలాక ఒక్కో ఉద్యోగానికి ఒకే పేజీ పత్రం రాయండి: ఈ ఉద్యోగం ఎందుకు ఉందో ఒక వాక్యంలో, అది అందించవలసిన ఫలితాలు నాలుగైదు, సొంతంగా తీసుకోగల నిర్ణయాలు, ఎవరికి జవాబుదారీ, రోజూ ఎవరితో పని పడుతుంది, వారు లేని రోజున ఎవరు చూస్తారు. ‘యాజమాన్యం అప్పగించే ఇతర పనులు’ అన్న వాక్యాన్ని పెట్టకండి. ఆ ఒక్క వాక్యం మిగతా పేజీనంతా చెరిపేస్తుంది. పేరు రాయడం చివరి పని. గడి తయారయ్యాక దానికి తగినవారిని చూడాలి తప్ప, సంస్థలో పాతవారని ఒకరి కోసం గడిని సృష్టించకూడదు. పాతవారి అనుభవాన్ని గౌరవించడానికి జీతం, శిక్షణ ఇచ్చే బాధ్యత, కొత్తవారికి మార్గదర్శకత్వం వంటి దారులు ఉన్నాయి.

అమలుకు ముందు అందరినీ ఒక సాయంత్రం కూర్చోబెట్టి మూడు సంఘటనలను కాగితం మీద నడిపించండి. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ప్రమాదకర ఫలితం వచ్చింది, పాథాలజిస్టు ఊరిలో లేరు. సోమవారం ఉదయం ఇద్దరు సెలవు పెట్టారు, బయట అరవై మంది ఉన్నారు. ఒక రోగి తన నివేదికలో వేరొకరి పేరు ఉందని గొడవ చేస్తున్నారు. ఒక్కో సంఘటనలో ఎవరు ఏం చేస్తారో పట్టిక, పత్రాలు చూసి చెప్పమనండి. వారు మీ ముఖం వైపు చూసిన ప్రతిచోటా పత్రంలో లోపం ఉన్నట్టు, అక్కడికక్కడే సరిదిద్దండి.

కొత్త అమరికను నెల మొదటి తేదీ నుంచి, జీతాల మార్పుతో పాటే అమల్లోకి తెండి, ఎవరి బాధ్యులు ఎవరో ఆ రోజు నుంచి ఒక్కరికీ సందేహం ఉండకుండా. పండుగల ముందు వారం, జ్వరాలు ఎక్కువగా వచ్చే వర్షాకాలం దీనికి తగిన సమయాలు కావు. మొదటి మూడు నెలలు ఒక నోటుపుస్తకంలో రెండు లెక్కలే రాయండి: పట్టిక ప్రకారం కింద తేలవలసిన ఏ విషయాలు మీ ఫోనుకు వచ్చాయి, ఏ పని ఇద్దరి మధ్య పడిపోయింది. మూడు నెలల తరువాత ఆ పుస్తకాన్ని తెరిచి, ఒకే విషయం మూడుసార్ల కన్నా ఎక్కువ కనిపించిన చోట మాత్రమే గడినో, పత్రాన్నో మార్చండి. కొత్త శాఖ తెరిచినప్పుడు, కొత్త యంత్రం వచ్చినప్పుడు, సిబ్బంది సగానికి సగం పెరిగినప్పుడు మళ్లీ మొదటి మెట్టు నుంచి, ఒక నమూనాను వెంబడించడం నుంచి మొదలుపెట్టాలి.